కంచరపాలెం ప్లీడర్ల కవరు ఢిల్లీ వెళ్లొచ్చిన వైనం

ఎనభై రెండు వేసవిలో ఓ మధ్యాహ్నం, కంచరపాలెం ప్లీడర్ల సంఘం గుమాస్తా గురునాథరావు, వరహాలు నడిపే టీ బడ్డీ దగ్గర కూర్చున్నాడు. బల్ల తడిగా ఉందని సంచిలోంచి పొడుగాటి కాకీ కవరు తీసి పరిచి, గ్లాసు దాని మీద పెట్టాడు. శుభ్రమైన మనిషి. అబద్ధం కూడా ఇస్త్రీ చేసి గాని చెప్పడు.

జోగమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఫ్యాక్టరీ కోసం ఆమె పొలం తీసుకుంటామన్న నోటీసు ఇంగ్లీషులో రాసి ఏదో ఆఫీసు గోడకి అంటించారట. ఆమెకి తెలిసేసరికి అభ్యంతరం చెప్పే గడువు దాటిపోయింది. ఇప్పుడు ఆమె చెల్లెలి ఊరి పొలాల వంతు. ఇలా భూములు తీసుకునే చట్టం ఎలా మార్చాలో రాయమని ఢిల్లీలోని లా కమిషన్ ప్లీడర్ల సంఘాలని అడిగింది. నోటీసు తెలుగులో ఉండాలి, ఊళ్లో దండోరా వేయించాలి అని వీళ్లు రాసి, జోగమ్మకి జరిగింది కూడా జతచేసి, వేలిముద్ర వేయించుకున్నారు. ఇవాళ్టి తపాలా ముద్ర పడితేనే అది చెల్లుతుంది.

"గురునాథం బాబూ, మన కాయితం ఎల్లిందేటి?"

"ఎల్లడమా! అసలా దండోరా మాట మీటింగులో అందించింది నానే. ప్రెసిడెంటుగారు లేచి నాకు కుర్చీ ఏసీసినారు."

"ఆ కుర్చీలన్నీ ఏసింది నువ్వే కదా బావా," అన్నాడు వరహాలు.

"ఇనవోయ్. నాను సెప్తంటే టైపు మిషను వేడెక్కి పొగలొచ్చింది. తడి తువ్వాలు చుట్టి నూట ఎనభై పేజీలు కొట్టించాను. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? కవరు బరువుకి పోస్టాఫీసు కాటా విరిగిపోయింది. హార్బరు నుంచి క్రేను తెచ్చి రైలెక్కించారు. వాల్తేరు స్టేషన్లో రెండో ఇంజను తగిలించారు. నానూ ఎల్లాను."

"ఎప్పుడు? రాత్రి నీకు పకోడీలు కట్టినాను కదా!"

"తిన్నాకే ఎల్లాను. తెల్లారేసరికి విమానంలో వచ్చీసాను. అక్కడ పెద్ద జడ్జిగారు ఒక్క పేజీ చదివి కళ్లజోడు తుడుచుకున్నారు. 'గురునాథరావుగారూ, పాత చట్టం ఎక్కడ పారెయ్యమంటారు?' అన్నారు. 'మా ఊళ్లో సముద్రం ఉంది, పంపండి' అన్నాను. అదిగో, యారాడ కొండ మీద లైటుహౌసు ఇవాళ పగలే వెలిగింది చూడలేదూ? పాత చట్టం మోసుకొచ్చే ఓడకి దారి చూపడానికే!"

క్రేను దాకా జోగమ్మ నమ్మింది. హార్బర్లో క్రేన్లు ఉన్నాయి కదా. లైటుహౌసు దగ్గర మాత్రం అటు తిరిగి చూసింది. వెలగడం లేదు. ఇటు తిరిగేసరికి గాలికి కవరు మూత లేచింది. లోపలి కాయితం మీద ఊదారంగు వేలిముద్ర, మధ్యలో అడ్డంగా ఓ గీత. ఆమెకి చదువు రాదు. కొడవలికి తెగిన తన బొటనవేలు మాత్రం తెలుసు.

గ్లాసెత్తి వరహాలు చేతికిచ్చింది. కవరు తీసి తిప్పి చూసింది. టీ మరక ఉంది, స్టాంపు లేదు. లోపల ఆరు కాయితాలున్నాయి.

"ఢిల్లీ నుంచి అప్పుడే తిరిగొచ్చిందేటి, బాబూ?"

గురునాథరావు కవరు కోసం చెయ్యి చాపాడు.

"నాలుగింటికి పోస్టాఫీసులో రిజిస్ట్రీ కిటికీ మూసేత్తారు," అంది జోగమ్మ కవరు చంకన పెట్టుకుని. "ఢిల్లీ దాకా ఎల్లొచ్చినోడివి, ఈ సందు సివరికి రాలేవా? నడు. ముద్ర పడేదాకా నాను కదల్ను."

ఇద్దరూ కదిలారు, ఆమె ముందు, అతను వెనక.

"బావా," వెనకనుంచి కేకేశాడు వరహాలు, "క్రేనుకి కబురెట్టమంటావేటి?"