ఎర్రజామ హల్వా

పురసవాక్కంలో బాలసుందరం ఇంటి వసారా. భార్య పోయిన రెండేళ్ళకు ఆమె చెల్లెలు మంగళ మూతగిన్నె పట్టుకుని వచ్చింది. అతడు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు గానీ ఆమెను కూర్చోమనలేదు.

"పండు యాడిది అని అడిగినా. హల్వా ఎట్టుండాదో నేను చెప్పలేదు, నువ్వు అడగొద్దు."

"తిన్నారు కదా బావా. బాగుందా లేదా అది చెప్పండి ముందు."

"యాడిది?"

"జామపండు యాడైనా దొరుకుతుంది. రాయపురంలో మా వీధి మొగలోనే బండి నిలబడుతుంది."

"బండి మీద పండు లోపల తెల్లగా ఉంటుంది. ఇది ఎర్రజామ."

"ఎర్రది కూడా వస్తా ఉంది బావా ఇప్పుడు."

"వస్తుంది. నీళ్ళు నీళ్ళుగా ఉంటుంది, ఉడికిస్తే పాలిపోతుంది. ఈ రంగు, ఈ వాసన ఒక్క చెట్టుకే ఉండేది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. పెరట్లోకి పోయి చూసుకో, మొద్దు కూడా తవ్వించేసినా."

"చూసినా. వచ్చేటప్పుడు సందులో నుంచి చూసినా."

"ఎందుకు చూసినావు?"

"సుమ్మా, ఊరికే చూసినా."

"నువ్వు ఊరికే ఏదీ చూడవు. రెండేళ్ళు ఈ గడప తొక్కనిదానివి, ఈరోజు గిన్నెతో దిగినావు. ఎవరు పంపినారు? మీ అన్నా?"

"ఎవరూ పంపలేదు."

"ఆ ఖాళీ జాగా మీద కన్ను ఆయనకు. ఆడ రెండు రూములు లేపితే బాడుగ వస్తుందని పోయిన నెల ఫోన్ చేసి నాకు బుద్ధి చెప్పినాడు."

"అన్న సంగతి నాకు తెలీదు బావా. ఇంకొంచెం పెట్టనా?"

"వద్దు."

"సరి. మూత పెట్టేస్తా."

"ఉండనీ. ఒక్క గింజ కూడా పంటికి తగల్లేదే?"

"పల్చటి గుడ్డలో వేసి రెండుసార్లు వడకట్టినా."

"దోరకాయలు కూడా వేసినావు."

"దోరకాయలా?"

"ఏమీ తెలీనట్టు అడగొద్దు. ఉత్త మాగిన పండ్లతో చేస్తే ఇట్ట ముక్క తెగదు, గరిటకు అంటుకొని వేలాడుతుంది. దోరవి కొన్ని కలిపి ఉడికించాల. అది మీ అక్క పద్ధతి. నీకెట్ట తెలుసు?"

"అక్కే చెప్పింది."

"ఎప్పుడు? నా ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదే."

"మీ ఎదురుగానే చెప్పాలని రూలా? మేం అక్కచెల్లెళ్ళం బావా."

"చెట్టు కూడా నేను ఎదురుగా లేనప్పుడే ఇచ్చిందా?"

"చెట్టు కాదు బావా. కొమ్మ."

"ఏ కొమ్మ?"

"గోడ పక్కది. అక్క దానికి అంటు కట్టింది. వేరు పట్టినాక విడదీసి, తొట్టిలో పెట్టి నాకిచ్చింది. మా మొట్టమాడి మీద, అదే మిద్దెపైన, నీళ్ళ ట్యాంకు పక్కన ఉండాది. ఈ వానలకు బాగా కాసింది."

"అంటు కట్టేటప్పుడు నేను యాడుంటిని?"

"జార్జి టౌన్‌లో కొట్టుకు పోయింటారు."

"దొంగతనంగా."

"అక్క నాటిన చెట్టు కొమ్మ అక్క ఇస్తే దొంగతనమా?"

"మొగుడికి చెప్పకుండా చేస్తే దానికి వేరే పేరేముంది? ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఎప్పటికైనా చెట్టు తీసేస్తారని భయం. ఆకులు సంపులో రాలతా ఉండాయంటిరి. వేరు డ్రైనేజీ పైపులో దూరిందంటిరి. ఉడతలొస్తాయంటిరి. ఇన్నేళ్ళూ ఇదే గొడవ కదా. ఒక్క పిల్లైనా బతకనీ అని ఇచ్చింది."

"కథ బాగుండాది. ఇప్పుడు నీకేం కావాల?"

"ఇంటి ఓనరు మొట్టమాడికి సిమెంటు పూయిస్తాడంట. ఆదివారం లోపల తొట్లన్నీ దించేయమన్నాడు. నాకు నేల యాడుంది బావా? దాన్ని ఈడ, అక్క పెరట్లో..."

"అట్టరా దారికి."

"పాత జాగాలోనే పెడదాం. మనుషుల్ని తెచ్చి గుంట నేనే తవ్విస్తా."

"నీళ్ళు పోయాలని రోజూ నువ్వొస్తావు. పండ్ల కోసం నీ కూతురొస్తుంది. వెనకాలే మీ అన్న టేపు పట్టుకొని కొలతలకు వస్తాడు."

"నేను రాను. నా మొగమే చూడాల్సిన పన్లేదు మీరు. నీళ్ళు మీరే పోయండి. అది బతికితే చాలు."

"కుదరదు."

"ఎందుకు?"

"గిన్నె తీసుకో."

"ఎందుకో చెప్పండి, పోతా. ఆదివారం దాటితే అది చెత్త బండిలో పోతుంది. అక్క చేతిది ఇంకేముంది మనకాడ?"

"నా ఇష్టానికి నేను ఆ చెట్టు కోయించినాననుకుంటా ఉండావా? మీ ఇంట్లో అందరూ అట్టే అనుకుంటారు. కర్మలు కాకముందే రంపం పెట్టినాడు, కసాయోడు అని."

"అనుకున్నాం. అందుకే రాలేదు. అబద్ధం ఎందుకు."

"కొయ్యమని చెప్పింది మీ అక్కే."

"అక్కా?"

"ఆస్పత్రిలో. చివరి రోజు పొద్దున. పెళ్ళైనప్పటి నుంచి ఆ చెట్టు కోసం నాతో కొట్లాడినామె, పోయేముందు నా మాట నెగ్గించి పోయింది. నాకోసం ఆమె వంగింది ఆ ఒక్క విషయంలోనే. నాకు మిగిలింది అదొక్కటే. నువ్వు బంగారు చెట్టు తెచ్చినా ఆ జాగాలో పెట్టను."

"అక్క అట్ట చెప్పదు బావా."

"నేను అబద్ధం చెప్తా ఉండానా?"

"అనలేదు. అక్క ఏమనిందో ఆ మాట అట్టే చెప్పండి."

"గొంతే రాలేదు, ఇంక మాటలేముంటాయి. నా చెయ్యి పట్టుకొని 'కొయ్యా' అనింది. నాకు అర్థం కాలేదేమోనని మళ్ళీ అనింది."

"కొయ్యా అనా? కొయ్యి అనా?"

"నాకు చెవుడు లేదు. కొయ్యా."

"చెట్టు అనిందా?"

"అనాల్నా? ఆమెకూ నాకూ కొయ్యడానికి ఇంకేముండాది?"

"బావా, అరవంలో జామపండును ఏమంటారు?"

"ఇంట్లో అరవం పనికిరాదని పెళ్ళైన కొత్తలోనే చెప్పేసినా. నాతో ఎప్పుడూ ఒక్క అరవం మాట మాట్లాడలేదు ఆమె."

"మీతో మాట్లాడలేదు. మీరు చిత్తూరు దిక్కు పల్లెలో బడికి పోయినోళ్ళు, మీకోసం జామ అని నేర్చుకునింది. మా అమ్మకాడ మేం జామ అనే మాటే ఎరగం. చిన్నప్పటి నుంచి కొయ్యా అనే. నాతో మాట్లాడితే ఎప్పుడూ కొయ్యా అనే."

"ఆపు."

"పండు అడిగింది బావా."

"ఆపమంటినా."

"మీరేమన్నారు అప్పుడు? చెప్పండి బావా. అక్కకు ఏం బదులు చెప్పినారు?"

"కోస్తాలే అన్నా."

"దానికి అక్క?"

"నవ్వింది. నవ్వి, ఆ పొద్దంతా వాకిలి దిక్కే చూస్తా పడుకోనింది."