అద్దంలో అక్షరాలు

మగ్గం మీద చద్దర్ దుప్పట్లు నేసే కొడుకు పోయిన మూడేళ్లకు కోడలికి తనే పెళ్లి కుదిర్చింది అత్త. తెల్లారితే కోడలు పుణె వెళ్లిపోతుంది. పోయేలోగా, అత్తకు మందుల వేళ గుర్తుచేసే చిన్న తెరను ఆర్డ్వినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డుకు కలిపి నడిపించాలని కూర్చుంది. పక్కన అత్త బీడీలు చుడుతోంది.

"లైటొచ్చింది గానీ అక్షరాలు రాలే అత్తమ్మా. ఎన్కాల స్క్రూ తిప్పుతా, చూడు."

"ఆ, వచ్చినయ్! 'అమ్మా, గోలీ' అని. అద్దంల చూసినట్టు ఉల్టా ఉన్నయేందే?"

"ఆయన గీసిన అక్షరాల గ్రాఫ్ కాయితం చూసి చుక్కచుక్క ఎక్కించిన గద!"

"పిచ్చిదానా, అది చద్దర్ గ్రాఫ్. మగ్గం మీద చద్దర్ మొఖం కిందికుంటది. అందుకే వాడు పేర్లు ఉల్టా గీసేటోడు."

"అయ్యో! మళ్ల సీదా ఎక్కిస్త."

"వద్దు, ఉండనీ. వాని మగ్గం పక్కన కూసోని ఉల్టా అక్షరాలతోనే చదువు నేర్సుకున్న నేను."

"సరే. గోలీ ఏసుకున్నవా అని రోజు ఫోన్ చేస్త."

అత్త చేతిలో ఆకు చిరిగింది.

"చెయ్యకు బిడ్డా. కొత్తింట్ల పాత అత్త ముచ్చట ఎత్తకు. నాకు ఈ తెర మీద వీడే చెప్తడు."