బొమ్మ చచ్చిపోయిన పూట

కలిసి పనిచేయడం నేర్పే క్లాసు ముగిసింది. విద్యార్థులు వెళ్లిపోయారు. మంచం మీద రోగి బొమ్మ నోరు తెరుచుకుని పడి ఉంది. నర్సింగు టీచరు దాని చేతికున్న సెలైన్ గొట్టం విప్పుతుంటే, పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

"మూడోసారీ చంపేశారు కదమ్మా! డాక్టరీ చదివేవాళ్లు, ఫార్మసీ వాళ్లు, మీ నర్సులు, ఇంతమంది చుట్టూ ఉండి కూడా!"

"మీ స్టూడెంటు మందు పదింతలు రాశాడు సార్."

"రాశాడు, పొరపాటే. పక్కనున్న మీ నర్సు పిల్ల చూడలేదా?"

"చూసింది. ఇందాక బయటికెళ్లి ఏడ్చింది కూడా."

"మరి అప్పుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడిందేం?"

"డాక్టరు అడక్కుండా నోరెత్తొద్దని నేనే నేర్పాను."

"మీరా? అదేం చదువమ్మా!"

ఆమె గొట్టాన్ని నెమ్మదిగా చుట్ట చుట్టింది. ఇరవయ్యేళ్లుగా మింగిన మాటను ఇవాళ కూడా మింగే ఓపిక ఆమెకు లేకపోయింది.

"నేను కొత్తగా చేరినప్పుడు, ఏడో వార్డులో, మీరు రాసిన మోతాదు ఎక్కువైందన్నాను. 'నిన్నెవరడిగారు?' అన్నారు, అందరి ముందూ."

"నేనా? ... ఆ రోగి?"

"బతికాడు. కాసేపయ్యాక మీరే చీటీ దిద్ది పంపారు. నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు."

డాక్టరు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"రేపు మళ్లీ చేయిద్దామా?"

"రేపు పిల్లలు కూర్చుని చూస్తారు. మంచం దగ్గర మనిద్దరమే. మీరు తప్పు రాయండి, నేను తప్పని చెప్తాను."

"అప్పుడు నేనేమనాలి?"

"ఆ రోజు అనాల్సిందే అనండి సార్. అదీ అందరి ముందూ."