శుద్ధి తొట్టిలో చేపలు

కుళాయిలకు నికెల్ పూత వేసే షెడ్డు. వెనక గోడకి అవతలే యజమాని ఇల్లు. పర్యావరణ సర్టిఫికెట్ కోసం ఆడిటర్ రావాల్సిన పొద్దున, యజమానీ, చిన్న పరిశ్రమలకి పర్యావరణ పద్ధతులు నేర్పే ఉద్యోగంలో ఉన్న అతని మరదలూ.

"శుద్ధి తొట్టిలో చేపలేమిటి బావా?"

"కనపడ్డాయా? బాగున్నాయా?"

"నికెల్ నీళ్ళు శుద్ధి చెయ్యాల్సిన తొట్టిలో చేపలేమిటి అంటున్నా."

"ఎర్రవి అడిగాను, కొట్టువాడు నల్లవి అంటగట్టాడు. పోనీలే. ఆడిటర్ వస్తాడు, తొట్టిలోకి తొంగి చూస్తాడు, చేపలు ఈదుతుంటాయి. ఇంక మాట్లాడటానికేముంది? చేప బతికిందంటే నీళ్ళు మంచివనేగా."

"లేకపోతే ఈ తొట్టిలోకి మురికి నీళ్ళు అసలు రావట్లేదని."

"పొద్దున్నే ఏమిటా మాటలు. కాఫీ తాగావా?"

"తాగాను. గోడ మీద ఆ కాగితం ఎవరు రాసిచ్చారు?"

"మన పర్యావరణ విధానమా? నువ్వేగా పెట్టమన్నావు."

"రాసుకుని పెట్టమన్నాను. అందులో పొయ్యిల పొగ తగ్గిస్తాం, పిండి వృథా కానివ్వం అని ఉంది. మనకి పిండెక్కడిది బావా?"

"అది పక్క వీధి రొట్టెలాయన దగ్గర తెచ్చాలే. ఆయనకి సర్టిఫికెట్ వచ్చింది మరి."

"చదివావా?"

"పైన పేరు మార్చాను."

"తీసెయ్. ముందు అది తీసెయ్."

"తీస్తా, తీస్తా. కాస్త కూర్చో ఆఫీసరమ్మా. అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే నాకూ కంగారుగా ఉంది."

"నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా."

"నేనెలా కూర్చుంటాను? ఈ సర్టిఫికెట్ రాకపోతే ఇక సరుకు పంపం అన్నారు కుళాయిల కంపెనీ వాళ్ళు. సరుకు రాకపోతే షెడ్డుకి తాళం. ఇంతమంది పనివాళ్ళకి నేనేం చెప్పుకోను? అయినా నువ్వు చెప్పినవి అన్నీ చేశానా లేదా? గ్లౌజులు వేయించమన్నావు, వేయించాను. పనివాళ్ళ చేతుల మీద ఆ దురదలూ పొక్కులూ పోయాయి కూడా. ఒప్పుకుంటా, అది నీ చలవే."

"నికెల్ నీళ్ళలో చేతులు పెడితే పొక్కకేం చేస్తాయి?"

"అదే అంటున్నా. అదిగో, మీ అక్క ఫోను. నువ్వు నొక్కు, నా గ్లౌజులు తడి. స్పీకర్లో పెట్టు."

"ఏమండీ, పాప మందు తెచ్చారా?"

"తెచ్చాను, స్కూటర్ డిక్కీలో ఉంది. దద్దుర్లు తగ్గాయా?"

"ఎక్కడ తగ్గాయి, వీపంతా పాకాయి. సబ్బు మార్చాం, పాలు మార్చాం, ఇప్పుడు బట్టలు మార్చమంటున్నాడు డాక్టరు. ఇక మార్చాల్సింది అమ్మనే. రాత్రంతా గోక్కుంటూనే ఉంది పిచ్చితల్లి. మోటారు వేశాను, ట్యాంకు నిండగానే స్నానం చేయిస్తా, కాస్త చల్లబడుతుంది. చెల్లి ఉందా అక్కడ?"

"ఉన్నానక్కా."

"ఏమీ తినకుండా పోయావేమే? మీ బావని తిట్టడం అయ్యాక ఇద్దరూ రండి."

"వస్తాం. పెట్టేస్తున్నా. బావా, నిన్న నువ్వు వెళ్ళిపోయాక నేనొక పని చేశాను. కోపం తెచ్చుకోకు."

"అలా అన్నావంటే వచ్చినట్టే. ఏం చేశావు?"

"కుళాయిలు కడిగే తొట్టిలో రంగు పోశాను."

"రంగా? సరుకు పాడవదూ?"

"పాడవదు. ఆకుపచ్చ రంగు. మనిషి తాగినా ఏం కాదు, డాక్టర్లు కంటి పరీక్షకి కంట్లో కూడా వేస్తారు. కడిగిన నీళ్ళు ఎటు పోతే అదీ అటే పోతుంది. పైపు ఎటు పోతోందో అనుమానమొస్తే మేమిలాగే చూస్తాం."

"నీకు అనుమానమెందుకు? శుద్ధి తొట్టిలోకే పోతుంది."

"రాలేదు."

"వస్తుంది. నిదానంగా వస్తుంది."

"రాత్రంతా గడిచింది బావా. చేపలు నల్లగా ఉన్నాయి, నీళ్ళు తేటగా ఉన్నాయి."

"పంపు... ఆ పంపు కాస్త మొరాయిస్తోందిలే."

"పంపుకి కరెంటు తీగే లేదు. చూశాను."

"ఎలకలు కొట్టేసుంటాయి."

"బావా."

"ఏమిటి బావా బావా అని? అవును. పోవట్లేదు. పక్కన వాల్వు తిప్పితే మా నాన్న వేయించిన పాత పైపులోకి పోతుంది. తిప్పే ఉంచాను. శుద్ధి మందులన్నీ కొని పోస్తూ కూర్చుంటే నాకు మిగిలేది చిప్ప. ఈ వీధిలో ఎవరు పోస్తున్నారు చెప్పు? వీధి కాలవలోకి పోతుంది, అక్కడి నుంచి ఊరి మురుగులో కలుస్తుంది. సముద్రంలో కాకిరెట్ట."

"ఎప్పటి నుంచి?"

"తొట్టి కట్టినప్పటి నుంచి."

"అంటే ఒక్కసారి కూడా వాడలేదు."

"వాడకపోవడమేమిటి, ప్రారంభం రోజు వాడాం. ఫొటో కూడా తీశావు నువ్వు."

"ఆ ఫొటో మా ఆఫీసు గోడ మీద ఉంది. మా బావ మొండివాడే గానీ మాట తప్పడు అని అందరికీ చెప్పుకుని తిరిగాను. మిగతా చిన్న చిన్న షెడ్లవాళ్ళని తీసుకొచ్చి, చూడండి, ఈయనకి కుదిరింది, మీకెందుకు కుదరదు అందామనుకున్నాను. సిగ్గుగా ఉంది నాకు. ఏడుపొస్తోంది."

"ఏడవకు. తరవాత తిడుదువుగాని, ఎంత తిట్టినా పడతాను. ముందు ఆ కాలవ సంగతి చూడాలి. ఆడిటర్ వచ్చేవేళకి వీధంతా పచ్చగా పారుతుంటే నా బతుకు బస్టాండే. పద."

"కాలవ ఎందుకు? ఆయన వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాయిదా అడుగుదాం."

"పద అన్నానా."

"వస్తున్నా. కాలవ మీద ఈ బండేనా?"

"ఇదే. ఆ కొస పట్టుకో. కాలు జాగ్రత్త. ఎత్తు... ఇంకాస్త. చాలు. ఏమన్నా కనపడుతోందా?"

"బురద. సంచులు. ఆ పక్క నుంచి వస్తున్న పైపేనా మనది?"

"మనదే."

"పొడిగా ఉంది బావా. సాలెగూడు ఉంది దానికి."

"ఏదీ, జరుగు. సాలెగూడా? అవునే, సాలెగూడే."

"పచ్చ చుక్క కూడా లేదు."

"హమ్మయ్య. చూశావా? ఊరికే ఆడిపోసుకున్నావు నన్ను. కాలవలోకి చుక్క పోవట్లేదు. నేనెవరి కొంపా ముంచలేదు."

"మరి నీళ్ళెక్కడికి పోతున్నాయి?"

"ఎక్కడికో పోతున్నాయి. భూమిలోకి. బండ వెయ్యి, ఎవరన్నా చూస్తారు."

"ఎక్కడికో అంటే కుదరదు. అన్ని నీళ్ళు ఎక్కడో ఒకచోట తేలాలిగా. పైపు ఎటు నుంచి వేశారు?"

"మా నాన్న వేయించాడు, అప్పటికి నేను చిన్నవాణ్ణి. షెడ్డు వెనక నుంచి తిప్పి వీధికి తెచ్చాడు. వెనకంతా అప్పుడు ఖాళీ స్థలమే. మధ్యలో ఎక్కడో పగిలుంటుంది."

"ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడేముంది?"

"ఇప్పుడా? ఇప్పుడు మనిల్లేగా."

"ఇంటికి ఏ పక్కనుంచి పోతుంది?"

"వంటింటి పక్కనుంచి. పునాదులు తీసినప్పుడు తగిలింది. కూలివాడు గునపం పోటు వేశాడు, ఏం కాలేదులే అని మట్టి కప్పేశాం. అక్కడే మోటారు..."

"ఏ మోటారు?"

"ఆగు, మళ్ళీ మీ అక్కే ఫోను."

"ఏ మోటారు బావా?"

"పెరటి బావి మోటారు. నువ్వు ఎత్తు. నువ్వు ఎత్తవే, నా చేతులు బురద. స్పీకర్లో పెట్టు."

"ఏమండీ, ట్యాంకులో ఏమన్నా మందు కలిపారా? పాప తొట్టిలో నీళ్ళు పట్టాను, ఆకుపచ్చగా వస్తున్నాయి. అదేమో ఒకటే నవ్వు, చప్పట్లు. ఎన్నాళ్ళకి నవ్విందో. వద్దంటున్నా వినకుండా మగ్గుతో ముంచుకుని తాగేస్తోంది కూడా. ఏమండీ? వింటున్నారా?"

"అక్కా, పాపని బయటికి తియ్."

"ఏమయిందే?"

"ముందు బయటికి తియ్. తుడువు. ఆ నీళ్ళు ఇక ముట్టుకోకండి, ఎవరూ ముట్టుకోకండి."

"ఎందుకే కంగారు పెడతావు? మీ బావ ఏరీ?"

"ఇక్కడే ఉన్నాను. ఏం లేదు, ఏం లేదు, అది ఉత్త రంగు. చెప్పవే, మీ అక్కకి చెప్పు. తాగినా ఏం కాదన్నావుగా, కంట్లో కూడా వేస్తారన్నావుగా."

"రంగు వల్ల ఏం కాదు బావా."