పెందరాళే ఇంటికొచ్చే మనిషి

సర్కారువారి క్వార్టర్స్ వంటింట్లో, ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య ఇల్లాలూ ఆడపడుచూ టీ తాగుతున్నారు.

“మీ తమ్ముడుగారితో వేగలేక చస్తున్నాను వదినా. చీకటి పడకముందే ఇంటికొచ్చి కూర్చుంటున్నారు.”

“సగం జీతానికి అంతకన్నా ఏం వెలగబెడతాడు? అంత కంపెనీ వదిలి, ఊరు మారి, ఈ గుమాస్తాగిరీ! ఈ కొంప కన్నా మా కారు షెడ్డు నయం. మా ఆయన విని ఒకటే నవ్వు.”

“అన్నయ్యగారికి నవ్వే తీరిక దొరికిందా? సంతోషం.”

“వెటకారాలు చాల్లే. పాత కంపెనీవాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారట. వాడికి నాలుగు చీవాట్లు పెట్టి ఒప్పించి వెళ్దామనే వచ్చాను. అవునూ, లోపల ఏమిటా గోల?”

“తండ్రీకూతుళ్ళు. చదరంగంలో ఆయన దొంగాట ఆడారట.”

“కన్నతండ్రి మీద ఆ అరుపులేంటి? ఛీ, ఇదేం పెంపకం! మా పిల్లలు వాళ్ళ నాన్నతో ఒక్కనాడూ పోట్లాడి ఎరగరు.”

“అదృష్టవంతులు.”

లోపల కూతురు మళ్ళీ అరిచింది, తండ్రి పకపకా నవ్వాడు.

ఆడపడుచు గ్లాసు కింద పెట్టింది. “పోట్లాడటానికి మా ఆయన పిల్లల కంటికి కనబడితేగా.”

“చీవాట్లు పెడతానన్నారుగా, పిలవనా వదినా?”

“వద్దు, ఆట సగంలో ఉంది. తప్పు వాడిది కాదే, చీవాట్లు పెట్టాలని వచ్చిన నాదే.”