మీసాలోడు గొప్పా, జుట్టోడు గొప్పా

అదొక్కటీ అనకు వదినా! మా స్టాన్లీ నోటి దురుసు వల్లే పెళ్ళి ఆగిపోనాదని శృంగవరపుకోట నుంచి కోటబొమ్మాళి దాకా రైల్లో ఎంతమందికి సెప్పుకుంటా వచ్చేవు? నా అరుగు మీద కూసోని, నా టీ సేత్తో పట్టుకోని, నా మనవడినే అంటన్నావు. తాగు ముందు. సల్లారిపోతాది.

కోపం రావట్లేదా దీనికి అని సూస్తన్నావు కదూ. వస్తన్నాది. నాకు కోపమొస్తే గొంతిక పెరగదు, అంతే. నీకు తెల్దేటి? నీ తమ్ముడితో నలభై ఏళ్ళు కాపరం సేసినదాన్ని.

మీ పాల్ సెడ్డోడని నానెప్పుడన్నాను? విజయనగరంలో ఇంజినీరింగు కాలేజీలో పాఠం సెప్పే కుర్రోడు. తాగడు, తిరగడు. పిల్లని సూడ్డానికి వచ్చిన రోజు నా పక్కన కింద కూసోని "మామ్మా, మీకు కీళ్ళనొప్పులకి ఏం వాడుతున్నారు" అని అడిగేడు. నా కొడుకూ కోడలూ మురిసిపోయేరు. నానూ మురిసేను. నీ మనవడు, నా మనవరాలు షాలిని, సుట్టరికం ఇంకో తరం నిలబడతాదని నీకన్నా నానే ఎక్కువ మందికి సెప్పుకున్నాను.

ప్రధానం నాడు ఏటయ్యిందో నువ్వు సూడలేదు వదినా. ఉంగరాలు మార్పించడం సూసేవు. తిత్లీ తుపానుకి రేకులెగిరిపోయిన చర్చిలో, టార్పాలిన్ కింద అయ్యగారు ప్రార్థన సేస్తంటే ఏడిసేవు కూడాను. ఆ తరవాత బోయినం సేసి లోపల గదిలో నడుం వాల్చీసేవు. నాను షామియానా కిందే ఉన్నాను. మూల కుర్సీలో. ముసిల్దాన్ని ఎవరు పట్టించుకుంటారు? అన్నీ సూసేను.

మా స్టాన్లీ సబ్బుపెట్టంత స్పీకరొకటి తెచ్చి బల్ల మీద పెట్టినాడు. అందులోంచి ఒక తెల్లోడు పాడతన్నాడు. మీసాలోడు. ఫోన్లో బొమ్మ సూపించేడు నాకు. బతికిలేడట పాపం. "మామ్మా, రాక్ పాడిన మొగోళ్ళలో ఈడే మొనగాడు" అన్నాడు. నాకేటి తెలుసు! గొంతిక మాత్రం బాగున్నాది. కొండెక్కి ఎవరినో పిలుస్తన్నట్టున్నాది.

మీ పాల్ ఊరుకుంటాడా? "ఏం మాట్లాడుతున్నావ్ బావమరిదీ! నీ మీసాలాయన మూడు మెట్లెక్కితే మావాడు ఏడు మెట్లెక్కుతాడు" అని తన ఫోను పెట్టేడు. ఆడొక జుట్టోడు. నడుం దాకా జుట్టు. అది పాటో ఏడుపో నాకు పోల్చుకోడానికి అవలేదు వదినా. తుపాను నాడు మా వంటింటి రేకు ఊడిపోతూ అచ్చం అలగే అరిసినాది.

ఇంకేటి, పట్టుకున్నారు. "నీ జుట్టోడికి గొంతిక లేదు బావా, మైకు ఉన్నాది" అని ఈడు. "చర్చిలో రెండు కీర్తనలకి గిటారు గీకేవాడివి, నీకేం తెలుసు" అని ఆడు. కుర్రకారంతా రెండు జట్లయిపోనారు. షాలిని మేనమామ గంగరాజు ఒడ్డించడం మానీసి, గరిటె ఊపుతా, "ఒరే, ఆ దొరలు తుమ్మినా మీరు రాగమంటారు కదరా! మన కొండబాబు తాగొచ్చి పాడితే మాత్రం ఇంటికి తోలేస్తారు" అన్నాడు. అందరూ నవ్వేరు. నువ్వు లోపల గుర్రు పెడతన్నావు.

అవును, స్టాన్లీ మాట జారేడు. నాను దాచను. "పిల్లలకి పాఠం సెప్పినట్టు మాకు సెప్పకు బావా, నీ సెవులకి తుప్పు పట్టింది" అన్నాడు. తప్పే. అయితే మొగపిల్లలు అలగే అనుకుంటారు, ఓ గంటకి ఒకే సీసాలో మంచినీళ్ళు తాగుతారు. దానికి పెళ్ళిళ్ళు ఆగవు.

నాను సెప్పొచ్చింది ఆ తరవాత సంగతి.

ఐస్‌క్రీం కప్పుల పళ్ళెం పట్టుకోని మా షాలిని వచ్చినాది. అది సంగీతం సదూకున్న పిల్ల కదా. స్టాన్లీకి గిటారు నేర్పినాది అదే, చర్చిలో పాటలెత్తేదీ అదే. ఒక నిమిషం నిలబడి ఇన్నాది. పళ్ళెం పక్కన పెట్టినాది. "ఒక్కసారి ఉండండి" అని మీ పాల్ ఫోనే తీసుకోని, ఆ జుట్టోడి పాట ఎనక్కి జరిపి మళ్ళీ పెట్టినాది. "ఇదిగో, ఇక్కడ ఇనండి. పైకి ఎల్లేసరికి గొంతిక వదిలీసి ముక్కులోకి ఎల్లిపోతన్నాడు. ఏడో మెట్టు ఎక్కలేదు, ఎక్కినట్టు అరుస్తన్నాడు. మీసాలాయన అక్కడ కూడా గుండెల్లోంచే పాడేడు" అని, ఆ పాటా పెట్టినాది.

అందరూ ఇన్నారు వదినా. అక్షరాలే యాభై దాటాక నేర్చుకున్నదాన్ని, నాకూ తెలిసిపోనాది. అది సెప్పింది నిజం. గంగరాజు సెప్పట్లు కొట్టేడు.

మీ పాల్ మొహం సూసేను నాను. తిట్టలేదు, కొట్టలేదు. నవ్వేడు. నవ్వుతానే సెయ్యి ఇలగ ఎత్తి, "షాలినీ, మగాళ్ళు మాట్లాడుకుంటున్నాం. నువ్వు ఊరుకో" అన్నాడు.

ఏటా సూపు? ఊరుకో అంటే తప్పా అంటావా? ఉండు, అవలేదు.

అది అక్కడితో ఊరుకోనుంటే నానూ ఊరుకుందును. అది కూడా నవ్వి, ఫోను ఆడి సేతిలో పెట్టి, "మీరన్నదే నిజం లెండి. నానే సరిగ్గా ఇన్లేదు" అన్నాది.

నీకు అర్థం అవలేదు. నా కొడుక్కీ అవలేదు. ఎలాగ సెప్పను? ఒకటో తరగతిలో ఉన్నప్పుడు అది తన పలక నా ఒళ్ళో పెట్టి నాకు అ ఆ నేర్పినాది. నాకు అప్పటికి యాభై నాలుగు. సేతికి బలపం నిలిచేది కాదు. ఒక అక్షరం వంకర పోయిందనుకో, పోనీ మామ్మా అని ఒక్కనాడన్లేదు. తుడిపీసీది. "తప్పు తప్పే, మళ్ళీ రాయి" అనీది. ఆరేళ్ళ పిల్ల! నాను ఏడిసినా వదల్లేదు. ఆ పిల్ల పదిమందిలో, తను పెట్టి ఇనిపించిన నిజాన్ని, తనే తప్పన్నాది. ఎందుకు? ఒక మొగోడు సిన్నబుచ్చుకున్నాడని.

ఆ తరవాత మూడువారాలు దాన్ని సూసేను. ఫోన్లో ఆడితో ఊఁ, ఊఁ, అంతే. క్రిస్మస్ పాటలు నేర్పడానికి రమ్మని చర్చోళ్ళు వస్తే గొంతు నొప్పన్నాది. నొప్పీ లేదు, ఏటీ లేదు. ఏటే తల్లీ అంటే, "నా పాట అంత గొప్పదేటి మామ్మా" అన్నాది.

నీ తమ్ముడు కూడా నన్ను ఊరుకో అన్నాడు కదా, నువ్వు సచ్చిపోయేవా అంటావు. అన్నాడు. పెళ్ళయిన ఏడాదే, చర్చిలో, నా గొంతు అందరికన్నా ముందు ఇనిపిస్తన్నాదని. నువ్వు నా పక్కనే కూసున్నావు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వేవు. మరిసిపోయేవేటి? నాను మరవలేదు. ఆయన మంచోడే. మళ్ళీ ఒక్కసారీ ఆ మాట అన్లేదు. అనే పని లేకపోనాది. నాను మళ్ళీ నోరెత్తలేదు కదా.

నా కొడుక్కి సెప్పేను. "ఐస్‌క్రీం కాడ అన్న మాటకి పెళ్ళి మానుకుంటారేటమ్మా, నవ్వుతారు" అన్నాడు. అయ్యగారికి సెప్పబోతే "పాల్ చక్కని బిడ్డమ్మా" అన్నారు. కోడలు నా వేపు సూడనే లేదు.

మన చర్చిలో మూడు ఆదివారాలు ప్రకటన సదూతారు కదా. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరముంటే తెలపాలి అని. ఇన్నేళ్ళలో ఎవరైనా తెలపగా సూసేవా? నాను సూళ్ళేదు. ఊరికే అంటారనుకున్నాను. మొన్న రెండో ఆదివారం ఆ మాట సదవక ముందే, కానుకల సంచిలో ఒక కాయితం పడ్డాది.

ఆ కాయితం మా స్టాన్లీ కక్షతో వేసేడని నువ్వంటన్నావు. ఊరంతా అంటన్నాది. నా కొడుకు ఎదిగిన పిల్లడిని సెంప మీద కొట్టేడు. "నాను కాదు నాన్నా" అని ఆడు అంటానే ఉన్నాడు. నాను వంటింట్లో బియ్యం ఏరతన్నాను. బయటికి రాలేదు. నాలుగు రోజులు రాలేదు వదినా! నా పాపం అది. మిగతాది కాదు.

రాసింది నాను.

కప్పు కింద పెట్టు, ఒలికిపోతన్నాది.

"అభ్యంతరం ఉన్నది. పిల్ల నిజం చెప్పినది. తరవాత అది అబద్ధమన్నది." అంతే రాసేను. ఒక పొద్దంతా పట్టింది. పేరు రాయలేదు. భయమేసింది. అయ్యగారికి తలా తోకా తెల్లేదు, సంతకం లేదు, అయినా నియమం నియమం కాబట్టి మూడో ప్రకటన ఆపీసేరు. నా రాత ఎవరు పోల్చుతారులే అనుకున్నాను. ఎవరు పోల్చుతారు? నేర్పినదే పోల్చినాది. నిన్న అయ్యగారింటికి ఎల్లి ఆ కాయితం అడిగి సూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చినాది.

అరిసినాది వదినా. ఈధి సివర కిరాణా కొట్టు కన్యాకుమారి బేరం వదిలీసి పరిగెత్తుకొచ్చినాది, అంత అరుపు. "నా పెళ్ళి ఆపడానికి నువ్వెవరు? నాను అబద్ధమాడితే నా నోరు, నా ఇష్టం! ఆడికి సెప్పాల్సింది నాను సెప్పుకోలేనా? నువ్వెందుకు రాసేవు?" అని. నాను గోడకి ఆనుకోని ఇన్నాను. అది అన్నది నిజమే.

స్టాన్లీకి సెప్పేను. కొడుక్కీ సెప్పేను. ఇప్పుడు నీకు. ఇంకెవరున్నారు సెప్పడానికి?

షాలిని పిల్లలకి పాటలు నేర్పడానికి ఇస్కూలుకి ఎల్లిందనుకుంటన్నావా? లేదు. పొద్దుటి బస్సుకి విజయనగరం పోనాది. మీ పాల్ దగ్గరికే. ఒక్కతే. ఏటి సెప్తాదో తెల్దు. పెళ్ళి సేసుకుందామంటాదో, ఉంగరం తీసి ఇచ్చీస్తాదో. ఫోను సెయ్యకు, కూసో. మీ కుర్రోడికి సెవులున్నాయి, ఇననీ. ఇంటే మంచిదే. ఇని, తప్పయిపోనాది అంటే, నానే వచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాను, పెళ్ళి సేయిద్దాం.

నా సంగతంటావా?

పెళ్ళయినా అవకపోయినా, సచ్చీదాకా నాతో మాటాడనని సెప్పి బస్సెక్కినాది. ఆ పిల్ల అన్నదంటే అన్నదే. ఆ ఒక్కటైనా అబద్ధమైతే బాగుణ్ణు వదినా.