మొదటిదా, రెండోదా

వినికిడి క్లినిక్‌లో ఒక చిన్న గది. అక్క చెవి వెనకున్న పరికరం నుంచి డాక్టరమ్మ కంప్యూటర్‌కు ఒక తీగ. అక్కకు ఎదుటివాళ్ల పెదవులు చూస్తేగానీ మాట అందదు. ఆమె కుర్చీని ఆనుకుని చెల్లెలు కూర్చుంది.

"మళ్లీ తప్పేనండీ."

"ఎలా తప్పవుతుందమ్మా? రెండో శబ్దం సన్నగా ఉందని గట్టిగా చెప్పాను కదా."

"గట్టిగానే చెప్పారు పెద్దమ్మగారూ. కానీ మొదటిది సన్నం. పన్నెండు జతలు వినిపించాను, పన్నెండూ తలకిందులుగా చెప్పారు."

"ఒక్కటైనా ఒప్పు కాలేదా డాక్టరమ్మా?"

"అదే నాకు భయంగా ఉంది చిన్నమ్మగారూ. కళ్లు మూసుకుని చెప్పినా సగం ఒప్పవుతాయి. అన్నీ తప్పంటే, ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టిన తీగ మడత పడిందేమో. స్కాన్ తీయాలి. నిజంగా మడత పడితే మళ్లీ ఆపరేషన్."

"ఏమంటోందే చిట్టీ? మొహం అలా పెట్టావేం?"

"ఏం లేదక్కా. డాక్టరమ్మా, ఆపరేషన్ వద్దు. తీగ మడత పడలేదు. అంటే... మీ వెనక ఆ అద్దాల బీరువా ఉంది చూడండి."

"ఉంది."

"అందులో మీ కంప్యూటర్ కనిపిస్తోంది. రెండు గళ్లు. ఏది సన్నమైతే అది పచ్చగా వెలుగుతోంది. ఎడమది వెలిగితే అక్క మోకాలి మీద నా వేలితో ఒక పోటు, కుడిది వెలిగితే రెండు పోట్లు."

"అద్దంలో ఎడమది కుడిదవుతుంది కదండీ."

"ఇప్పుడు తెలిసింది."

"బళ్లోనూ ఇది ఇంతే డాక్టరమ్మా. నాకు జవాబులు అందించబోయి తనూ తప్పింది."

"మీకు వినబడింది మీరు చెప్పొచ్చు కదా పెద్దమ్మగారూ."

"దాని చెవులు బాగుంటాయి కదా, దానికే బాగా తెలుస్తుందనుకున్నా."

"ఈ శబ్దం బయటికి రాదండీ. తీగలోంచి నేరుగా మీ తలలోకి పోతుంది. నాకే వినబడదు."

"అంటే ఇంతసేపూ ఇది వినకుండానే నన్ను పొడిచిందా?"

"నవ్వకక్కా."

"నవ్వకుండా ఎలా ఉండనే? చెవిటిదాన్ని నేనా, నువ్వా?"

"చిన్నమ్మగారూ, ఇదేమన్నా పరీక్షా? తప్పితే ఏమవుతుందని?"

"పరికరం పనికిరాలేదని తీసేస్తారేమోనని. అక్కకు వినబడి తీరాలి డాక్టరమ్మా. నేనో విషయం మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తలెత్తకుండా 'అలాగే కానీ' అంటూ కూరలు తరుక్కుంది."

"నా ఎదురుగా నిలబడి చెప్పొచ్చు కదే."

"ఎదురుగా చెప్పగలిగితే ఇంతదాకా ఎందుకు?"

"ఏమిటే అంత విషయం?"

"ముందు నీకు వినబడనీ."

"సరే, మీరు గోడవైపు తిరగండి చిన్నమ్మగారూ. చేతులు ఒళ్లోనే ఉండాలి. పెద్దమ్మగారూ, ఇది మొదటిదా, రెండోదా?"

"రెండోది."

"ఒప్పు. ఇది?"

"మొదటిది."

"ఒప్పు. ఇప్పుడు లోపలి తీగ మీద పదమూడో చోటూ, పధ్నాలుగో చోటూ."

"రెండూ ఒకటే. ఎవరూ పొడవట్లేదు, నన్ననకు."

"అననండీ. పధ్నాలుగూ, పదిహేనూ?"

"అవీ ఒకటే. ముగ్గురు ఒక్క నోటితో అరిచినట్టుంది."

"లోపల ఇరవై రెండు చోట్ల కరెంటు పెడతాం. అది పెట్టినచోట ఉండదు, చుట్టూ పాకుతుంది. పధ్నాలుగుకిస్తే పదమూడు చోటుకీ పోతుంది, పదిహేను చోటుకీ పోతుంది. అందుకే మీకు మాటలు అలుక్కుపోతున్నాయి. పధ్నాలుగుని ఆపేస్తాను."

"అంత కష్టపడి తలలో పెట్టించుకుంటే ఒకటి ఊరికే కూర్చుంటుందా?"

"అది కూర్చుంటేనే పక్కవాటి మాట తెలుస్తుందండీ."

"మా ఆడపడుచూ అంతే. ఆవిడ ఊరెళ్తేగానీ ఇంట్లో ఎవరి మాటా తెలిసేది కాదు. ఆపెయ్యి, ఆపెయ్యి."

"ఆపేశాను. కంప్యూటర్ తీగ కూడా తీసేశాను, ఇక బయటి మాటలు వినొచ్చు. చిన్నమ్మగారూ, ఇటు రండి. ఈ కాగితం నోటికి అడ్డం పెట్టుకుని, ఇందులో ఉన్నవి ఒక్కొక్కటే చదవండి. ఆవిడ తిరిగి చెప్తారు. పొడవకూడదు."

"పిల్లి పాలు తాగింది."

"పిల్లి పాలు తాగింది. చిట్టీ, ఇది నీ గొంతేనా? నిన్నటిదాకా రేకు డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుండేది."

"నవ్వించకక్కా. బస్సు గంట ఆలస్యంగా వచ్చింది."

"బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. పిల్లీ బస్సూ ఎవరికైనా వినబడతాయి. కష్టమైంది చదువు."

"చదువుతున్నా."

"చదువు మరి, వింటున్నా."

"వచ్చే... వచ్చే శుక్రవారం నేను మన ఎదురింటి గడియారాలాయన్ని పెళ్లి చేసుకుంటున్నాను."

"వచ్చే, వచ్చే శుక్రవారం నేను మన ఎదురింటి గడియారాలాయన్ని పెళ్లి చేసుకుంటున్నాను. చూశావా, రెండుసార్లు 'వచ్చే' అన్నది కూడా వదల్లేదు. వెయ్యమ్మా మార్కులు. వెయ్యవేం? అంత పొడుగు వాక్యంలో ఒక్క ముక్కైనా తప్పిందా?"

"ఒక్క ముక్క కూడా తప్పలేదు పెద్దమ్మగారూ. కానీ ఆ వాక్యం నా కాగితంలో లేదండీ."